కిక్‌బ్యాక్ గురించి ఇంకొంచెం చెప్పాల్సింది

చేతి సర్క్యులర్ సా (గుండ్రటి బ్లేడు తిరుగుతూ చెక్క కోసే మిషన్) జాగ్రత్తల మీద మీరు వేసిన వ్యాసం చదివాను. అది వాడేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి, వదులు బట్టలు వద్దు అని అందులో బాగానే చెప్పారు. కానీ అసలు భయపడాల్సింది కిక్‌బ్యాక్‌కి, అంటే బ్లేడు చెక్కలో ఇరుక్కుని మిషన్ ఒక్కసారిగా వెనక్కి ఎగరడానికి. దాన్ని ఒక్క వాక్యంలో తేల్చేశారు.

చెక్క రెండు చివర్లనూ స్టూళ్ల మీద ఆనించి మధ్యలో కోస్తే, కోత పూర్తికావస్తుండగా మధ్య భాగం కిందికి కుంగుతుంది. కోసిన సందు పైన మూసుకుని బ్లేడును పట్టేస్తుంది. అంతే, మిషన్ ఎగిరి మన మీదికే వస్తుంది. నాకూ ఒకసారి అలాగే అయింది. కోత గీతకు ఎదురుగా కాకుండా కాస్త పక్కకి నిలబడ్డాను కాబట్టి తొడ దక్కింది. అప్పటి నుంచి చెక్క మొత్తానికీ కింద మందపాటి థర్మోకోల్ షీటు పరిచి కోస్తున్నాను. షీటు మీద గాట్లు పడతాయి, పడనీ.

బ్లేడు చెక్క కిందికి 3 నుంచి 6 మి.మీ. దిగితే చాలు. బ్లేడును కింద కప్పి ఉంచే గార్డు అడ్డొస్తోందని చెక్క ముక్క దూర్చి పైకే ఉంచేవాళ్లను చూశాను, ఒళ్లు జలదరించింది. ట్రిగ్గర్ వదిలాక కూడా బ్లేడు కాసేపు తిరుగుతూనే ఉంటుంది కదా!

బ్లేడు మార్చేముందు ప్లగ్ పీకడం అందరికీ గుర్తుంటుంది. బ్యాటరీ మిషన్ అయితే బ్యాటరీ తీయడమే చాలామంది మర్చిపోతారు.