మూడో సవరణ మూలన పడలేదు

అమెరికా రాజ్యాంగంలోని మూడో సవరణ గురించి ఒక సందేశం తెగ తిరుగుతోంది. "బ్రిటిష్ చట్టం జనం పడకగదుల్లోకి సైనికులను తోసినందుకు పుట్టిన సవరణ ఇది. సొంత ఇల్లున్నవారికే వర్తిస్తుంది. ఏ కోర్టూ దీని జోలికి పోలేదు. తీసేసినా నష్టం లేదు" అని దాని సారాంశం. అక్కడ అద్దె ఇళ్లలో ఉంటున్న మనవాళ్లు కూడా దీన్ని నమ్మి పదిమందికి పంపుతుంటే ఊరుకోవడం నావల్ల కాలేదు.

1791లో చేరిన ఆ సవరణ చెప్పేది ఇంతే: శాంతికాలంలో యజమాని సమ్మతి లేనిదే ఏ ఇంట్లోనూ సైనికులకు బస ఇవ్వరాదు. యుద్ధకాలంలోనైనా చట్టం నిర్దేశించిన పద్ధతిలోనే ఇవ్వాలి.

చట్టం సంగతి చూద్దాం. అప్పట్లో బ్రిటన్ ఏలుబడిలో ఉన్న అమెరికా వలసరాజ్యాల కోసం చేసిన 1765 నాటి బ్రిటిష్ చట్టం కాపురముంటున్న ఇళ్లలో సైనికులను దించమనలేదు. ముందు బారకాసులు, అవి చాలకపోతే పూటకూళ్ల ఇళ్లు, సారాయి అంగళ్లు, ఆపైన ఖాళీ ఇళ్లు, కొట్టాలు చూపమంది. జనానికి ఒళ్లు మండింది ఖర్చు దగ్గర. కట్టెలు, కొవ్వొత్తులు, ఉప్పు, పరుపులు, చివరికి తాగే బీరు కూడా వలసరాజ్యాలే భరించాలన్నారు. న్యూయార్క్ వలసరాజ్యపు చట్టసభ మొండికేస్తే, దాని శాసనాధికారాన్నే నిలిపివేస్తామంటూ 1767లో పార్లమెంటు మరో చట్టం చేసింది. అలాగని ఇళ్లలోకి సైనికులు రానేలేదనీ కాదు. 1756లో ఆల్బనీ పట్టణంలో బ్రిటిష్ సేనాని బలవంతంగానే దించాడు. ఇంగ్లండులో ఈ మొర ఇంకా పాతది, 1628లో పార్లమెంటు రాజుకు పెట్టిన హక్కుల విన్నపంలోనే ఉంది.

ఇక కోర్టులు. సుప్రీంకోర్టు ప్రధానంగా ఈ సవరణ మీదే ఆధారపడి ఏ కేసూ తేల్చలేదు, నిజమే. కానీ 1965లో గోప్యత హక్కును గుర్తించిన గ్రిస్వోల్డ్ తీర్పులో దీన్ని ఒక ఆధారంగా చూపింది. అంతకన్నా ముఖ్యమైనది 1982లో ఎంగ్‌బ్లోమ్ కేసులో రెండో సర్క్యూట్ (కొన్ని రాష్ట్రాలకు కలిపి ఉండే ఫెడరల్) అప్పీలు కోర్టు ఇచ్చిన తీర్పు. ఆ కేసు కథ ఇది.

1979లో న్యూయార్క్ రాష్ట్ర జైలు సిబ్బంది సమ్మెకు దిగారు. వాళ్లలో కొందరు జైలు ఆవరణలోని సిబ్బంది భవనంలోనే గదులు తీసుకుని ఉండేవారు. అద్దె జీతంలో కోసుకునేవారు, సామాను ఎవరిది వారే తెచ్చుకున్నారు. సమ్మెలో ఉండగా వాళ్లను ఖాళీ చేయించి, ఆ గదుల్లోకి రాష్ట్రాల రిజర్వు సైన్యమైన నేషనల్ గార్డు జవాన్లను దించారు. ఇద్దరు కోర్టుకెక్కారు. నేషనల్ గార్డు జవాన్లు కూడా సైనికులే, ఈ సవరణ రాష్ట్రాలనూ కట్టడి చేస్తుంది, రక్షణ పొందడానికి ఇంటి పట్టా ఉండనక్కర్లేదు అని కోర్టు తేల్చింది. సొంత ఇల్లున్నవారికే అనే మాట అక్కడే వీగిపోయింది.

దీనికి హద్దులు లేకపోలేదు. పోలీసులు ఇంట్లో తిష్ఠ వేస్తే ఇది వర్తించదని, వాళ్లు సైనికులు కారని 2015లో నెవాడాలోని ఫెడరల్ కోర్టు చెప్పింది. అయితే హద్దులున్నాయని హక్కునే తీసేయమంటే ఎలా? మన ఇంట్లో దొంగలు పడలేదని తాళం పీకేస్తామా?

ఎంగ్‌బ్లోమ్ కేసు వేసిన ఆ ఇద్దరికీ చివరికి పరిహారం దక్కలేదన్నదీ దాచను. 1979 నాటికి ఈ హక్కు స్పష్టంగా స్థిరపడలేదని చెప్పి అధికారులను వదిలేశారు. రెండో సర్క్యూట్ పరిధిలోని న్యూయార్క్, కనెక్టికట్, వెర్మాంట్‌లలో ఇప్పుడు ఆ సాకు చెల్లడం కష్టం.