పాత చెక్కే కదా, అంత రేటేంటి?

పాత చెక్కే కదా ఫ్రీగా వచ్చుంటుంది, అంత రేటెందుకండీ? కూల్చిన ఇళ్ళ దూలాలు కొని, పలకలుగా కోసి అమ్ముతా, కస్టమర్లది రోజూ ఇదే మాట. ఫ్రీగా ఎవడిస్తాడు సార్? ఇల్లు కూల్చేవాళ్ళని దూలాలు కాస్త జాగ్రత్తగా దించండయ్యా అంటే వినరు, మెషీన్ పెట్టి ఫట్‌మని విరిచేసి, ఆ విరిగిన ముక్కలకే మళ్ళీ నిండు దూలం రేటు అడుగుతారు.

తెచ్చాక అసలు కథ. ఒక్కో దూలంలో ఎన్ని మేకులో! తల విరిగి లోపలే ఉండిపోయినవైతే కంటికి కనపడవు, మెటల్ డిటెక్టర్ పెట్టి వెతికి వెతికి పీకినా ఎక్కడో ఒకటి మిగులుతుంది, అది కూడా సరిగ్గా కొత్త బ్లేడు వేసిన రోజే తగుల్తుంది. బ్లేడు పళ్ళు పోయాయి. ఆ డబ్బులు ఎవరిస్తారు, కస్టమరా? పైన పాత పెయింటు, అందులో విషమైన సీసం ఉండొచ్చు కాబట్టి ఇష్టమొచ్చినట్టు గీకడానికి లేదు. పురుగు తిన్నది కోసి పారెయ్యాలి, చిత్రిక పడితే ఇంకాస్త పోతుంది, చివరికి చేతికొచ్చేది ఎంతని?

ఏమాటకామాటే, నల్లబడ్డ దూలం మీద చిత్రిక పట్టగానే లోపల్నుంచి దగ్గరదగ్గర గీతలతో ఓ రంగు బయటపడుతుంది చూడండి, అప్పుడు మాత్రం అన్నీ మర్చిపోతా.

మళ్ళీ కస్టమర్ గుర్తుచేస్తాడు. పాత లుక్ కావాలంట, కానీ మేకు కన్నాలు ఉండకూడదంట, పగుళ్ళు ఉండకూడదంట, అన్నీ ఒకే రంగులో ఉండాలంట. మరి చెక్కలా కనపడే లామినేట్ షీటు కొనుక్కోవచ్చుగా? ఇంకొకాయనైతే అచ్చం ఇలాంటివే ఇంకో 20 పలకలు పంపండి అంటాడు, ఎక్కణ్ణుంచి పంపను, ఆ ఇల్లు ఒక్కటే కదా కూలింది!