అప్పీలు వాదన ఎవరు నేర్పుతున్నారు?

విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్‌లో 2007 డిసెంబరులో జరిగిన ఫార్మసీ విద్యార్థిని హత్య తెలుగువారికి గుర్తుండే ఉంటుంది. ఆ కేసులో 2010లో శిక్ష పడిన యువకుణ్ణి 2017 మార్చిలో ఉమ్మడి హైకోర్టు నిర్దోషిగా విడిచిపెట్టింది. అప్పటికే అతను ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. అప్పీలులో మామూలుగా కొత్త సాక్షులు రారు. కింది కోర్టు చూసిన కాగితాలనే పైకోర్టు మళ్లీ చూస్తుంది. వాటిలో ఏం చూడాలో చూపించాల్సింది న్యాయవాది. ఆ పని పద్ధతిగా నేర్పే చోటు మన దగ్గర దాదాపు లేదు.

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల ప్రకారం లా విద్యార్థి కనీసం మూడు మూట్ కోర్టుల్లో, అంటే కల్పిత కేసులపై జరిగే నమూనా కోర్టుల్లో, వాదించాలి. ఒక సివిల్, ఒక క్రిమినల్ ట్రయల్ గమనించాలి. ఈ రెంటిలోనూ అప్పీలు ఊసే లేదు. పైగా మూట్ కోర్టులో వాస్తవాలను కొన్ని పేజీల్లో తేల్చేసి చేతికిస్తారు. హత్య కేసు అప్పీలులో గొడవంతా ఆ వాస్తవాల మీదే.

ఎఫ్‌ఐఆర్ ఎన్ని గంటలకు నమోదైంది, మేజిస్ట్రేటుకు ఎప్పుడు చేరింది? శవ పంచనామాలో నిందితుడి పేరుందా? పోలీసులకిచ్చిన వాంగ్మూలంలో లేని మాట సాక్షి బోనెక్కాక ఎలా వచ్చింది, ఆ తేడాను ట్రయల్‌లోనే రికార్డులో గుర్తింపజేశారా? కత్తి దొరికిన చోటు గురించి పంచనామాపై సంతకం పెట్టిన మధ్యవర్తులిద్దరూ ఒకే మాట చెప్పారా? పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 313, దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 351 సెక్షన్ కింద నిందితుణ్ణి ఆ ఆధారం గురించి అడిగారా? అడగని దాన్ని అతని మీద వాడకూడదని సుప్రీంకోర్టు 1984లోనే శరద్ బిర్దీచంద్ సర్దా కేసులో చెప్పింది. ఇవన్నీ విచారణ నాటి ఉదయం ఫైలు తిరగేస్తే తేలేవి కావు. తేదీలవారీగా పట్టిక రాసుకుంటూ వందల పేజీలు చదవాలి.

ఏం వదిలేయాలో తెలియడం ఇంకా కష్టం. పదిహేను గ్రౌండ్లు (తీర్పు తప్పనడానికి కారణాలు) రాసి పదిహేనూ చదివే లాయరు ముందు బెంచి ఓపిక మూడో దానికే అయిపోతుంది. హత్యానేరం నిలిచేలా ఉంటే, అది క్షణికావేశంలో జరిగిందనీ శిక్ష తగ్గించాలనీ అడగవచ్చు. తొందరపడి అడిగితే నేరం ఒప్పుకున్నట్టవుతుంది, ఆలస్యం చేస్తే వినేవారుండరు. ఈ అదను సీనియర్ల వెనక కూర్చుని పట్టుకోవాల్సిందే. ఆ సీనియర్ దొరకడం అందరి అదృష్టం కాదు.

డబ్బున్నవాడికి పేరున్న లాయరు దొరుకుతాడు. జైలు నుంచి వచ్చే అప్పీలు ఉచిత న్యాయసహాయానికి ఎంపిక చేసిన లాయర్ల జాబితా, అంటే లీగల్ ఎయిడ్ ప్యానెల్ చేతిలో పడుతుంది. లాయరు రాలేదని క్రిమినల్ అప్పీలు కొట్టేయకూడదని 1996లో బానీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఉరి, జీవిత ఖైదు పడగల కేసుల్లో నిందితుడి తరఫున కోర్టు లేదా న్యాయసహాయం ద్వారా లాయర్ని నియమించేటప్పుడు పదేళ్ల ప్రాక్టీసు ఉన్నవారినే తీసుకోవాలనీ, సిద్ధం కావడానికి మామూలుగా కనీసం ఏడు రోజులివ్వాలనీ 2019లో అనోఖీలాల్ కేసులో చెప్పింది. మంచిదే. కానీ పదేళ్లూ చెక్ బౌన్స్ కేసులు, బెయిల్ పిటిషన్లతోనే గడిచిపోయి ఉండొచ్చు. అనుభవాన్ని ఏళ్లతో లెక్కగట్టడం సులువు కాబట్టి అలా లెక్కగడుతున్నాం.

న్యాయమూర్తులకు రెండు రాష్ట్రాల్లోనూ జ్యుడీషియల్ అకాడమీలున్నాయి. న్యాయవాదులకు అలాంటిదేదీ లేదు. అందుకు పెద్ద భవనాలు కట్టనక్కర్లేదు. తేలిపోయిన కేసుల పేపర్ బుక్కుల్లో (అప్పీలు కోసం కట్టిన కేసు రికార్డుల్లో) పేర్లు తీసేసి జూనియర్లకివ్వాలి. తేదీల పట్టిక, మూడు పేజీల రాతపూర్వక వాదన వాళ్లే తయారు చేయాలి. రిటైరైన జడ్జి ముందు ఇరవై నిమిషాలు వాదించాలి, ఆయన మధ్యమధ్య ఆపి ప్రశ్నలడగాలి. చివర్లో అసలు తీర్పు చదవాలి. నల్సార్, దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీలు చోటివ్వగలవు. ప్రభుత్వం తరఫున వాదించేవారినీ ఇదే తరగతిలో కూర్చోబెట్టాలి. దోషి తప్పించుకోవడానికీ సరిగా చదవని రికార్డే కారణం కావచ్చు.

జైలు అప్పీళ్లు అప్పగించే ముందు ఈ శిక్షణను తప్పనిసరి చేయాలని హైకోర్టు న్యాయసేవల కమిటీలను కోరుతున్నాం. శిక్షణ రోజులకు భత్యం కూడా ఇవ్వాలి. కోర్టుకు వెళ్లని రోజు సంపాదన లేని జూనియర్లు ఉచితంగా వచ్చి కూర్చోలేరు.