నీళ్లు అక్కరలేని పంటట! హాంజా సందేశంలో చెప్పని సంగతులు

గుంటూరులో ఉంటూ పల్నాటి వైపు ఎకరమో రెండెకరాలో మెట్ట ఉన్నవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. ఆఫ్రికాలో హాంజా అనే పొద ఉందట. చుక్క నీరు అక్కరలేదట, ఏడాది పొడవునా పచ్చగా ఉంటుందట. గింజలు శనగల్లా వండుకోవచ్చట, మాంసకృత్తుల్లో కందిపప్పుకు సాటట, ఆకు కషాయం మధుమేహాన్ని మాయం చేస్తుందట, ఎకరానికి ఐదు లక్షలు వస్తాయట. చివర మొక్క ధర, ఫోను నంబరు.

మొక్క నిజమైనదే. శాస్త్రీయ నామం బోసియా సెనెగాలెన్సిస్. సహారా ఎడారికి దక్షిణపు అంచున, సెనెగల్ నుంచి సూడాన్ దాకా పరుచుకున్న సాహెల్ ప్రాంతంలో తనంతట తాను మొలుస్తుంది. మన ఆదొండ కుటుంబానికే చెందింది. ఆకు రాల్చదు, కరువును తట్టుకుంటుంది. పసుపు రంగుకు మాగిన పండు గుజ్జు తియ్యగా ఉంటుంది, నేరుగా తినవచ్చు. ఇంతవరకు పేచీ లేదు.

పేచీ గింజతో. దాన్ని శనగల్లా కడిగి కుక్కరులో పడేస్తే తినలేరు, తినకూడదు కూడా. అందులో గ్లూకోకాపరిన్ అనే చేదు పదార్థం ఉంటుంది. సాహెల్ ఆడవాళ్లు పైపొట్టు తీసి, గింజలను నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి మళ్లీ కొత్త నీళ్లు పోస్తూ రోజుల తరబడి చేదు విరుస్తారు. వారం దాకా పట్టవచ్చు. ఉడకబెట్టడం ఆ తర్వాతి మాట. అంటే పండించడానికి నీళ్లు అడగని ఈ గింజ, తినడానికి మాత్రం బిందెలకు బిందెలు అడుగుతుంది! వేసవిలో ట్యాంకరు కోసం వరుసలు కట్టే ఊళ్లకు దీన్ని కరువు పంట అని అమ్మజూపడం ఎంత గడుసుతనం. పొట్టు తీసే కూలి, నీళ్లు మార్చే చాకిరీ ఆ ఐదు లక్షల లెక్కలో ఎక్కడా లేవు. మిరపకాయ కోతకు మనుషులు దొరక్క ఏం పాట్లు పడుతున్నామో తెలిసినవాళ్లే దీన్ని పదిమందికీ పంపుతున్నారు.

మాంసకృత్తుల మాట సగం నిజం. గింజలో అవి 25 శాతం దాకా ఉంటాయి. కానీ ఆ మాంసకృత్తుల్లో ఒంటికి తప్పనిసరైన లైసిన్ అనే భాగం తక్కువ. బియ్యంలో కొరవడేది కూడా లైసినే. అన్నంలో పప్పు కలుపుకుంటే ఆ లోటు పూడుతుంది, హాంజాతో పూడదు. కందిపప్పు స్థానంలో దీన్ని కూర్చోబెట్టడం కుదరదు.

"కరువునే జయించిన మొక్క" అన్న వాక్యం చదివితే మాత్రం నాకు కోపం వచ్చింది. సూడాన్‌లోని డార్ఫర్‌లో 1984-85 కరువులో జనం ఈ గింజలనే ఏరుకుని తిన్నారు. అక్కడ దీన్ని ముఖైత్ అంటారు. వానలకు ముందు, గాదెలు ఖాళీ అయ్యే రోజుల్లో పండుతుంది కాబట్టి ఎందరినో నిలబెట్టింది. అయినా ఆ కరువులో డార్ఫర్‌లో దాదాపు లక్ష మంది చనిపోయారని అంచనా. గత్యంతరం లేక తిన్న తిండిని గెలుపు కథగా మార్చి మొక్కలు అమ్ముకుంటారా?

ఇక కషాయం. సాహెల్ రైతులు ఈ ఆకులను ధాన్యంలో వేసేది పురుగు పట్టకుండా ఉండడానికి. ఆకు నలిగితే మిథైల్ ఐసోథయోసయనేట్ అనే ఘాటు పదార్థం పుడుతుంది. నేలలోని పురుగులను, నులిపురుగులను చంపే మెటామ్ సోడియం మందు పనిచేసేదీ దానితోనే. నాటు వైద్యంలో అక్కడ ఈ ఆకు వాడకం ఉన్నమాట వాస్తవం. అది చూసి మధుమేహం మాత్రలు మానేసి పరగడుపున కషాయం తాగమనడం దుర్మార్గం.

ఆదాయం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఇది నెమ్మదిగా పెరిగే పొద, అక్కడ కూడా ఎక్కువగా బీళ్లలో ఏరుకునేదే. కోసిన గింజలు ఎవరు కొంటారో సందేశంలో లేదు, మొక్కలు ఎవరు అమ్ముతారో మాత్రం ఉంది. ఇరవై ఏళ్ల కిందట బయోడీజిలు మొక్క జట్రోఫా ఊపులో బీడు భూములన్నీ డీజిలు బావులవుతాయని విన్నాం. నాటినవాళ్లలో చాలామంది తర్వాత పీకేశారు. బీడుకు తినే కాయనిచ్చే సతతహరిత పొదే కావాలంటే వాక్కాయ ఉండనే ఉంది. వానాకాలంలో మన బజార్లలోనే అమ్ముడవుతుంది, పప్పులో వేయడానికి వారం రోజులు నానబెట్టనక్కరలేదు.

విదేశీ విత్తనాన్ని ఎవరికి తోచినట్టు వారు పార్సిల్లో తెప్పించుకోవడానికి వీల్లేదన్న సంగతి కూడా ఆ సందేశం దాటేసింది. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతికి ముందే అనుమతి ఉండాలి. మన దేశంలో తిన్న చరిత్ర లేని పదార్థాన్ని ఆహారంగా అమ్మాలంటే 2017 నిబంధనల కింద ఆహార భద్రత సంస్థ ఆమోదం కావాలి. ఆ నంబరుకు ఫోను చేసేవారు ముందు ఈ రెండు కాగితాల నకళ్లు అడగండి. అవి చేతికొచ్చాక లాం వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఒకసారి చూపించండి. అడ్వాన్సు సంగతి ఆ తర్వాత.