నెపం మోసే మౌస్ కావలెను

హనమకొండలో ఇంతవరకు ఏ కుర్రవాడూ కంప్యూటర్ గేమ్‌లో ఓడిపోలేదు. నయీంనగర్ హాస్టళ్లలో, కాజీపేట అద్దె గదుల్లో ఎక్కడ విచారించినా తేలేది ఒక్కటే, ఓడింది మౌస్. "నేను కొట్టిన్నే, మౌస్ క్లిక్ తీస్కోలే" అనే వాంగ్మూలం అర్ధరాత్రి దాటాక గోడల అవతలి నుంచి స్పష్టంగా వినిపిస్తుంది. కాబట్టి తక్కువ ధరలో మంచి గేమింగ్ మౌస్ చెప్పమని అడిగేవాళ్లు తాము కొంటున్నదేమిటో ముందు తెలుసుకోవాలి. వాళ్లు కొంటున్నది నెపం. అది నాణ్యంగా ఉండాలి, సెమిస్టర్ అంతా మన్నాలి, ప్రాజెక్టు ఖర్చు అని ఇంట్లో చెప్తే వచ్చే డబ్బుల్లో దొరకాలి.

చరిత్ర కొంచెం చూద్దాం. 1964లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ బృందం కాలిఫోర్నియాలో తయారు చేసిన మొదటి మౌస్ ఒక చెక్క డబ్బా. కింద రెండు చక్రాలు, పైన ఒకే ఒక్క బటన్. 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో మౌస్‌ను నిండు సభలో వాడి చూపించారు. లాగ్ అయితాందని, అంటే చెయ్యి కదిలాక బాణం ఆలస్యంగా కదులుతోందని, ఒక్కరూ అనలేదు. అవతల నుంచి కాల్చేవాడు లేనప్పుడు ఎందుకంటారు?

ఇక డీపీఐ. ఐదారు వందల మౌస్ డబ్బా మీద కంపెనీ పేరు కంటే పెద్దగా కనిపించేది ఇదే. 6400 అని, 7200 అని, ధైర్యం ఎక్కువైన చోట 12800 అని. మౌస్‌ను ఒక అంగుళం జరిపితే తెర మీద బాణం ఎన్ని చుక్కలు నడుస్తుందో చెప్పే లెక్క అది. మామూలు ఫుల్ హెచ్‌డీ తెర అడ్డంగా 1920 చుక్కలు. అంటే 6400 పెట్టుకున్నవాడి మౌస్ ఎనిమిది మిల్లీమీటర్లు కదిలేలోపే బాణం ఈ అంచు నుంచి ఆ అంచుకు చేరిపోతుంది. తుమ్మితే చాలు, శత్రువు తల మీద ఉన్న గురి మేఘాల్లోకి పోతుంది. కౌంటర్ స్ట్రైక్, వాలరెంట్ లాంటి తుపాకీ ఆటలు ఆడి సంపాదించుకునే ఆటగాళ్లలో ఎక్కువ మంది 400, 800, మహా అయితే 1600 దగ్గర ఆగిపోతారు. పాపం, పెద్ద అంకె కొనుక్కునే స్తోమత లేదేమో.

పైగా చవక మౌస్‌లలో ఆ అంకె మొత్తం, అడుగున ఉండి కదలికను చదివే సెన్సర్ కష్టార్జితం కాదు. సెన్సర్ నిజంగా చదివింది కొంతైతే, లోపలి చిప్ దాన్ని రెట్టింపు చేసి చెప్పేది ఇంకొంత. అందుకే సెన్సర్ పేరు వెతకమని పెద్దలంటారు. నేనూ వెతకమనే అంటాను, కాకపోతే తప్పించుకోవడానికి. డబ్బా మీద పిక్స్‌ఆర్ట్ 3327 అనో 3360 అనో కనబడితే ఆ మౌస్‌ను మర్యాదగా అక్కడే పెట్టేయండి. అలాంటిది చెయ్యి ఎంత విసురుగా తిప్పినా దారి తప్పదు. దారి తప్పకపోతే మనకేం మిగులుతుంది? పేరేమీ లేకుండా "హై ప్రిసిషన్ ఆప్టికల్ సెన్సర్" అని ఊరుకున్న డబ్బాను తీసుకోండి. వెనక నుంచి అడుగుల చప్పుడు విని గబుక్కున తిరగబోతే అది నేల చూపులు చూస్తుంది. సాక్ష్యం తెర మీదే ఉంటుంది, రికార్డ్ చేసి గ్రూపులో కూడా పెట్టుకోవచ్చు.

ఈ కుర్రాళ్లలో కొందరి తండ్రులు ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చేవాళ్లే. అక్కడ ఖరీదుదారు బస్తా మీద ఏం రాసి ఉందో చూడడు. లోపలికి చెయ్యి పెట్టి పిడికెడు కాయ తీస్తాడు. తేమ చూస్తాడు, తాలు చూస్తాడు, విరిచి చూస్తాడు, అంతా బాగుంటే ముఖం ఇంకాస్త చిట్లించి ధర తగ్గిస్తాడు. తేజ రకమైనా చపాటా రకమైనా ఈ పరీక్ష తప్పదు. తండ్రి పక్కన నిలబడి ఇదంతా చూస్తూ పెరిగిన కొడుకు, చౌరస్తాలో కంప్యూటర్ దుకాణానికి వెళ్లి డబ్బా మీది అంకె చదివి ఫోన్‌పే చేసేస్తాడు. పట్టుకుని చూస్తానని అడిగే బుద్ధిమంతుడు ఒకడు వచ్చినా లాభం లేదు. "సీల్ తీస్తే తీస్కోవాల్సిందే తమ్మీ" అంటాడు దుకాణదారు.

పట్టుకుని చూడాలనడానికి కారణం ఉంది. అరచెయ్యి మొత్తం ఆనించి ఆడేవాడికి కాస్త పొడుగు, వీపు ఎత్తుగా ఉన్న మౌస్ కావాలి. వేళ్లు వంచి పట్టేవాడికి పొట్టిది చాలు. వేలి కొసలతోనే నడిపేవాడికి ఇంకా చిన్నది, తేలికది నయం. మణికట్టు నుంచి మధ్యవేలి కొస దాకా స్కేలు పెట్టి కొలుచుకుని, మౌస్ పొడుగుతో పోల్చుకుంటే సగం పని అయిపోతుంది. ఇంజినీరింగ్ చదివే ఊరు కాబట్టి స్కేళ్లకు కొదవ లేదు. కానీ కొలవకండి. అన్ని నెపాల్లోకి చెయ్యి నొప్పి శ్రేష్ఠం, దాన్ని ఎవరూ ప్రశ్నించరు.

బరువుగా ఉంటే గట్టిదని ఇంకో నమ్మకం. ఆ నమ్మకాన్ని గౌరవించి కొన్ని చవక మౌస్‌ల లోపల ఇనుప ముక్క పెడతారు.

మౌస్‌లో మెరిసే రంగు లైట్లకు గెలుపోటములతో సంబంధం లేదు. హాస్టల్లో దీపాలార్పాక ఎవరు మేల్కొని ఉన్నారో వార్డెన్‌కు దూరం నుంచే తెలియడానికి మాత్రం పనికొస్తాయి.

పోలింగ్ రేటు గురించి తెలిసినవాడికి గదిలో గౌరవం ఎక్కువ. మామూలు మౌస్ తన జాడ కంప్యూటర్‌కు సెకనుకు 125 సార్లు చెప్తుంది, అంటే 8 మిల్లీ సెకన్లకు ఒకసారి. గేమింగ్‌ది 1000 సార్లు, మిల్లీ సెకనుకు ఒకసారి. తేడా నిజమే, ఉన్నది కొనడం మంచిదే. అయితే హాస్టల్ వైఫైలో ఫ్లోర్ అంతా సినిమాలు డౌన్‌లోడ్ పెట్టిన రాత్రి, పింగ్, అంటే గేమ్ సర్వర్‌కు కబురు పోయి జవాబు రావడానికి పట్టే సమయం, 150 మిల్లీ సెకన్ల దగ్గర గిలగిలా కొట్టుకుంటుంటే, మనవాడు ఆ 8 మిల్లీ సెకన్ల మీద ఫిర్యాదు చేస్తాడు. పొద్దున ఇదే మనిషి కాజీపేట జంక్షన్‌లో గంటన్నర లేటుగా వచ్చే రైలు కోసం ఏ ఫిర్యాదూ లేకుండా నిలబడతాడు.

విండోస్ సెట్టింగ్స్‌లో మౌస్ దగ్గర "ఎన్హాన్స్ పాయింటర్ ప్రిసిషన్" అని ఒక టిక్కు ఉంటుంది. అది ఉన్నంతసేపు మౌస్‌ను నెమ్మదిగా జరిపితే ఒక దూరం, వేగంగా జరిపితే ఇంకో దూరం వెళ్తుంది, చేతికి అలవాటు కుదరదు. తీసేయడానికి పైసా ఖర్చు లేదు. ఈ సంగతి మీ రూమ్మేట్‌కు చెప్పారంటే వాడి నోటి కాడి నెపం లాక్కున్నవాళ్లవుతారు.

అన్నిటికన్నా పవిత్రమైనది డబుల్ క్లిక్. బటన్ కింది స్విచ్‌లు కోటి క్లిక్కులు, రెండు కోట్ల క్లిక్కులు ఆగుతాయని తయారీదారులు రాస్తారు. రోజుకు ఐదు వేలు నొక్కినా కోటి పూర్తవడానికి ఐదేళ్లు దాటాలి. కానీ చవక స్విచ్‌లోని రేకుకు ఈ లెక్క తెలియదు. కొన్నాళ్లకే ఒకసారి నొక్కితే రెండుసార్లు పలుకుతుంది. గేమ్‌లో ఒక్క గుండు కాల్చబోతే రెండు పేలతాయి, డెస్క్‌టాప్ మీద ఫోల్డర్ ఎంచుకోబోతే అది తెరుచుకుంటుంది. డబ్బాతో పాటు బిల్లు కూడా పారేసినవాళ్లకు వారంటీ బెడద కూడా ఉండదు.

ఒక్క హెచ్చరిక. వెయ్యి దాటి ఇంకాస్త పైకి వెళ్తే లాజిటెక్ జీ102 లాంటివి తగులుతాయి. డీపీఐ 8000 దాకా ఉన్నా 800 దగ్గర బుద్ధిగా నడుస్తుంది, సెకనుకు 1000 సార్లు పలుకుతుంది, బరువు 85 గ్రాములు. పొరపాటున అది కొన్నవాడి బతుకు చూడలేం. మొదటి రాత్రి ఓడతాడు. మౌస్ పిన్ పీకి మళ్లీ పెడతాడు. రెండో రాత్రి మ్యాట్‌ను అంటాడు, తర్వాత వైరు బిరుసుగా ఉందంటాడు, కుర్చీని కూడా వదలడు. ఆ తర్వాత గదిలో అనడానికి ఏమీ మిగలదు. అందుకే అలాంటి మౌస్‌లు పండగ సెలవులకు ముందే సగం ధరకు జూనియర్ల దగ్గరికి చేరతాయి. "మంచిదైతే ఎందుకు అమ్ముతానవన్నా?" అని అడిగితే "చేతికి సెట్ అయితలేదురా తమ్మీ" అంటాడు. నమ్మినట్టు తల ఊపి తీసుకోండి. సీల్ ఎలాగూ ఉండదు, పట్టుకుని చూడొచ్చు.