మోకాలి గుజ్జు, గుండె లెక్క, తాబేలు

మా బాపుకు 71. హన్మకొండ వడ్డెపల్లి చెరువు కట్ట మీద రోజూ పొద్దున నడిచే మనిషి, పదిహేను రోజులుగా గడప దాటడం లేదు. ఫ్యామిలీ గ్రూపులో తిరుగుతున్న వాట్సాప్ మెసేజే కారణం. అరవై దాటాక నడిస్తే మోకాళ్ల గుజ్జు అరుగుతుందట, గుండె ఎన్నిసార్లు కొట్టుకోవాలో ముందే లెక్క ఉంటుందట, నడిస్తే అది తొందరగా అయిపోతుందట, తాబేలు కదలదు కాబట్టే నూరేళ్లు బతుకుతుందట, పాతకాలంలో వాకింగ్ ఎవరూ చేయలేదట, డాక్టర్ల మాట వినొద్దట.

ముందు గుజ్జు సంగతి. మోకాలు బండి టైరు కాదు. కీలులోని ఆ మెత్తటి పొరకు నేరుగా రక్తం అందదు, చుట్టూ ఉన్న ద్రవమే దానికి తిండి. అడుగు పడి లేచినప్పుడల్లా, స్పాంజిని పిండి వదిలినట్టు, ఆ ద్రవం పొరలోకి వెళ్లి వస్తుంది. కూర్చుంటే తొడ కండ చిక్కుతుంది, బరువు కీలు మీద పడుతుంది. అరుగుదల ఉన్నవాళ్లకు కూడా డాక్టర్లు తొడలకు వ్యాయామం చెప్పేది అందుకే.

గుండె లెక్క బాపుతోనే వేయించాను, లెక్కల సారుగా రిటైరయ్యాడు కదా. నడక అలవాటైతే కూర్చున్నప్పటి గుండె వేగం తగ్గుతుంది. నిమిషానికి 76 నుంచి 72కు దిగిందనుకుందాం, రోజుకు 5,760 మిగులు. అరగంట నడకలో నిమిషానికి 30 ఎక్కువ కొట్టుకున్నా ఖర్చు 900. కాగితం చూసి ఏమీ అనలేదు. పైగా 1953లోనే బ్రిటన్ వైద్యుడు జెర్రీ మోరిస్ బృందం లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో చూసింది: మెట్లెక్కి దిగే కండక్టర్ల కంటే కూర్చుని నడిపే డ్రైవర్లకే గుండె జబ్బులు ఎక్కువ.

తాబేలుతో మనకు చుట్టరికం లేదు, వదిలేద్దాం.

పాతకాలం వాళ్లు వాకింగ్ చేయలేదు, నిజమే. మా అవ్వ వంగి నాట్లు వేసింది, బాయి నీళ్లు చేదింది, పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ గంటలకొద్దీ తిరిగింది. దాన్ని వాకింగ్ అనలేదు, అంతే.

ఇక డాక్టర్లు. అమెరికాలో 70–89 ఏళ్ల వాళ్లు 1,635 మందితో చేసి 2014లో వెల్లడించిన అధ్యయనంలో, ఆరోగ్య పాఠాలు మాత్రమే విన్నవాళ్ల కంటే నడక, వ్యాయామం చేసినవాళ్లలో 400 మీటర్లు నడవలేని స్థితికి చేరినవాళ్లు తక్కువ. 65 దాటినవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, మూడు రోజులైనా తూలి పడకుండా నిలబెట్టే వ్యాయామాలు. సన్నబడడానికి కాదు, బాత్రూంలో పడకుండా ఉండడానికి. నిన్న బాపు కుర్చీలోంచి రెండు చేతులూ ఆనించి లేచాడు. పోయిన నెల చేతులు కట్టుకునే లేచేవాడు.

ఛాతీలో పట్టేసినా, కళ్లు తిరిగినా, మోకాలు వాచినా ఆగాల్సిందే, డాక్టర్‌కు చూపించాల్సిందే. షుగర్ గోలీలు వేసుకునేవాళ్లు పరగడుపున దూరం నడిచే ముందు ఒకసారి అడగాలి. ఈ ఒక్క ముక్క మాత్రం ఆ మెసేజ్‌లో లేదు.