డాక్, యాంప్ కొనేముందు హెడ్‌ఫోన్ డబ్బా తిప్పి చదవండి

నెల్లూరు ట్రంకు రోడ్డులోనైనా, ఒంగోలు కర్నూలు రోడ్డులోనైనా సెల్‌ఫోన్ సామాన్ల షాపులకు కొదవ లేదు. హెడ్‌ఫోన్‌కు శబ్దాన్ని పెంచి ఇచ్చే రెండు యాంప్లిఫయర్లు (యాంప్‌లు) పక్కపక్కన పెట్టుకుని, నచ్చిన పాటను మార్చి మార్చి విని కొనే చోటు మాత్రం ఈ రెండు ఊళ్లలో నాకు కనబడలేదు. ఆ పని కోసం నెల్లూరు నుంచి 175 కిలోమీటర్లు చెన్నైకి పోయేవాళ్లు ఎంతమంది? మిగతా అందరూ యూట్యూబ్ చూసి ఆర్డర్ పెట్టేస్తున్నారు. హెడ్‌ఫోన్‌కు ఐదు వేలు పెట్టి, దానికి తగిలించే డాక్ (డిజిటల్ పాటను శబ్ద తరంగంగా మార్చే డీఏసీ), యాంప్ డబ్బాకు పదిహేను వేలు పోసే కుర్రాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది. ఆ డబ్బు తిరగేసి పెట్టాల్సింది.

వీడియోలో విని డాక్‌ను అంచనా వేయడం అసలు కుదరని పని. అక్కడ రికార్డు చేసిన శబ్దాన్ని యూట్యూబ్ కుదించి పంపుతుంది. అది చివరికి మీ ఫోన్‌లో ఉన్న డాక్ గుండానే మీ చెవికి చేరుతుంది. మీరు విన్నది మీ ఫోన్‌నే. ఎదురుగా కూర్చుని విన్నవాళ్ల తీర్పుకూ ఒక ఇబ్బంది ఉంది. రెండింటిలో ఒకటి ఒక్క డెసిబెల్ ఎక్కువ పలికినా సరే, అదే బాగుందని చెవి చెబుతుంది. మీటరు పెట్టి వాల్యూమ్ సమానం చేయకుండా ‘బాస్ గట్టిగా ఉంది, గొంతు స్పష్టంగా ఉంది’ అనే మాటలను నేను లెక్కలోకి తీసుకోను.

డాక్ చేసేది ఒకటే పని. ఫైలులోని అంకెలను విద్యుత్ తరంగంగా మారుస్తుంది. 1982లో వచ్చిన సీడీ ప్రమాణమే 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్ (సెకనుకు 44,100 కొలతలు). అందులో అతి మెల్లని శబ్దానికీ అతి పెద్దదానికీ సుమారు 96 డెసిబెల్స్ తేడా వరకు, 22 కిలోహెర్ట్జ్ దాకా శబ్దం పడుతుంది. మనిషి చెవి హద్దు 20 కిలోహెర్ట్జ్. ఈ పనిని ఇవాళ గోరంత చిప్ తప్పు లేకుండా చేస్తోంది. 2020 అక్టోబరులో జపాన్‌లోని ఏకేఎం కంపెనీ చిప్‌ల ఫ్యాక్టరీ తగలబడి సరఫరా ఆగిపోయాక, ఫియో కంపెనీ అదివరకు ఏకేఎం చిప్‌తో వచ్చిన తన కే5 ప్రో డాక్-యాంప్‌ను ఈఎస్ఎస్ అనే వేరే కంపెనీ చిప్ వేసి అమ్మింది. లోపలి చిప్ పేరు చూసి కొనేవాళ్లు దీని గురించి ఒకసారి ఆలోచించాలి.

తేడా వచ్చేది యాంప్ దగ్గర. దానికి జవాబు హెడ్‌ఫోన్ డబ్బా మీదే ఉంటుంది: ఇంపెడెన్స్ (కరెంటుకు పెట్టే అడ్డు) ఎన్ని ఓమ్‌లు, సెన్సిటివిటీ (ఇచ్చిన కరెంటుకు ఎంత గట్టిగా పలుకుతుందన్నది) ఎన్ని డెసిబెల్స్. వోల్టేజీని వోల్టేజీతో హెచ్చించి ఓమ్‌లతో భాగిస్తే పవర్ వస్తుంది. మామూలు డాంగిల్ (ఫోన్‌కు గుచ్చే చిన్న డాక్, యాంప్ వైరు) ఇచ్చే 1 వోల్టుకు 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌లోకి 31 మిల్లీవాట్లు పోతాయి, 300 ఓమ్‌లదైతే 3.3 మిల్లీవాట్లే. ఆ 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్ మిల్లీవాట్‌కు 97 డెసిబెల్స్ పలికేదైతే 102 డెసిబెల్స్ దాకా వస్తుంది. 2 వోల్టులు ఇచ్చే డాంగిల్ పెడితే 108. చాలామందికి ఇది చాలు. ఒక్కచోట మోసపోవద్దు: సెన్సిటివిటీని కొందరు మిల్లీవాట్‌కు రాస్తారు, కొందరు వోల్టుకు. 32 ఓమ్‌ల మీద ఆ రెండింటికీ 15 డెసిబెల్స్ తేడా ఉంటుంది. ఏది రాశారో చూడకుండా రెండు మోడళ్లను పోలిస్తే లెక్క మొత్తం తప్పుతుంది.

యాంప్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (యాంప్ తన లోపల పెట్టే అడ్డు) కూడా చూడాలి. హెడ్‌ఫోన్ ఓమ్‌లలో ఎనిమిదో వంతు మించకుండా ఉంటే మంచిది. 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌కు 10 ఓమ్‌ల యాంప్ తగిలిస్తే స్వరం రంగే మారిపోవచ్చు.

డాంగిల్ కొనేటప్పుడు ఇంకో చిక్కు. షాపుల్లో నూటయాభైకి దొరికే టైప్-సీ కనెక్టర్లు కొన్నింటిలో డాక్ ఉండదు, ఉత్త వైర్లే. ఫోనే అనలాగ్ శబ్దం (అంకెలు కాకుండా తయారైన తరంగం) పంపితేనే అవి పలుకుతాయి, చాలా ఫోన్లు పంపవు. ‘అన్నిటికీ పనిచేస్తాదన్నా’ అంటే నమ్మకుండా, కౌంటరు దగ్గరే మీ ఫోన్‌కు గుచ్చి పాట పెట్టి చూడండి. వెయ్యి లోపు దొరికే ఆపిల్ డాంగిల్‌లో డాక్ చక్కగా ఉంటుంది కానీ, కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకు పెడితే సౌండు బాగా తగ్గిపోతుంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్ వాడేవాళ్లకు ఈ టెన్షన్ ఏదీ లేదు, డాక్, యాంప్ రెండూ దాని లోపలే ఉంటాయి.

మన ఇళ్లలో అసలు గొడవ కరెంటుది. లాప్‌టాప్‌కు చార్జర్, యాంప్‌కు వేరే అడాప్టర్, రెండింటి మధ్య యూఎస్‌బీ వైరు. ఎర్తింగ్ సరిగా లేకపోతే పాటల మధ్య ‘గుయ్’మనే 50 హెర్ట్జ్ మోత మొదలవుతుంది. లాప్‌టాప్ లోహపు ఒంటి మీద చెయ్యి రాస్తే జివ్వుమంటుంది. మేలో ఎర్త్ గుంత ఎండిపోతే పరిస్థితి ఇంకా పాడు. డబ్బా మార్చేముందు చార్జర్ పీకి బ్యాటరీ మీద వినండి. మోత ఆగిందంటే తప్పు డాక్‌ది కాదు. ప్లగ్గులో మూడో పిన్ను విరిగిందేమో చూసుకుని, గుంతలో నాలుగు బిందెల నీళ్లు పోయించి, తగ్గకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. కరెంటు పోయినప్పుడు మాత్రమే మోత వస్తుంటే స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్‌ను (నున్నటి తరంగం కాకుండా మెట్లలా తెగే కరెంటు ఇచ్చేదాన్ని) అనుమానించాలి. దాని కరెంటులో 50తో పాటు 150, 250 హెర్ట్జ్ కూడా కలిసి వస్తాయి, చెవికి 50 కన్నా అవే ఎక్కువ తగులుతాయి. పదిహేను వేలు యాంప్‌కు పోసేకంటే ఆ డబ్బు సైన్ వేవ్ ఇన్వర్టర్‌కు పెడితే ఇంట్లో ఫ్యాన్ కూడా మోత మానుతుంది. ఫోన్‌కు గుచ్చిన డాంగిల్‌కైతే గోడ కరెంటుతో సంబంధమే లేదు.

పాట ఎక్కడి నుంచి వస్తుందన్నది కూడా డాక్ కన్నా ముందు చూడాల్సిన సంగతి. మన నెల్లూరు బాలు పాటను ఎవరో అరిగిన క్యాసెట్ నుంచి యూట్యూబ్‌లోకి ఎక్కిస్తే, దాని మీద పడిన పొర ఏ డాక్ తోనూ పోదు. ఆపిల్ మ్యూజిక్ 2021 జూన్ నుంచి అదనపు చార్జీ లేకుండా లాస్‌లెస్ (కుదింపులో ఏమీ పోని) పాటలు ఇస్తోంది. అదే పాట అక్కడ మంచి మాస్టర్ (అసలు రికార్డింగు) నుంచి వచ్చి ఉంటే, వెయ్యి రూపాయల డాంగిల్‌లోనూ ఆయన ఊపిరి తీసుకోవడం వినబడుతుంది.

మరి వేరే యాంప్ ఎవరికి కావాలి? 250 ఓమ్‌ల బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో, 300 ఓమ్‌ల సెన్‌హైజర్ హెచ్‌డీ 600 లాంటివి ఉండి, మెల్లగా రికార్డయిన కచేరీలు పెట్టినా వాల్యూమ్ చాలడం లేదన్నవాళ్లకు. కరెంటు ఎక్కువ తాగే ప్లానార్ హెడ్‌ఫోన్ (పలచటి పొరను కదిలించి పలికేది) వాడేవాళ్లకు. వాళ్లు కూడా గెయిన్ స్విచ్ (యాంప్ ఎంత పెంచాలో ఎక్కువ తక్కువ చేసేది) ఉన్నదే తీసుకోవాలి. హై గెయిన్‌లో ఉన్న యాంప్‌కు చిన్న ఇయర్‌ఫోన్ గుచ్చితే మొదట వినబడేది బుస్సుమనే శబ్దం, ఆ తర్వాత పాట చెవి పగిలేంత. వారానికి 40 గంటలు వినేవాళ్లు 80 డెసిబెల్స్ దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ హద్దు లోపల వినడానికి మామూలు హెడ్‌ఫోన్‌కు ఒక మిల్లీవాట్ కూడా అక్కర్లేదు.